రేవులో ఒక ధర, దుకాణంలో ఒక ధర: జపాన్‌లో దిగుమతి సరుకు ఎందుకంత ఖరీదు?

క్లుప్తంగా: జపాన్‌లో విదేశీ సరుకు ఖరీదుగా ఉండటం కొత్త సంగతి కాదు. అయితే నలభై ఏళ్ళలో దాని కారణం తలకిందులైంది. 1980, 90లలో యెన్ బలంగా ఉన్నా ధర దిగలేదు. ఆ లాభం రేవుకూ దుకాణానికీ మధ్య ఉన్న ఏజెంట్ల దగ్గర, టోకు వర్తకుల దగ్గర ఆగిపోయింది. 2022 నుంచి యెన్ పడిపోయింది, ఈసారి భారం నేరుగా కొనేవారి మీద పడింది. అందరూ అనుకునే సుంకం మాత్రం బియ్యం, వెన్న లాంటి కొన్ని వ్యవసాయ సరుకుల విషయంలోనే అసలు కారణం.

ఒక ఫోను లెక్క

2022 జూలై 1న జపాన్‌లో ఐఫోన్ 13 ధర ఒక్కసారిగా 98,800 యెన్ల నుంచి 1,17,800 యెన్లకు పెరిగింది. ఫోను అదే, మోడల్ అదే. అమెరికాలో దాని ప్రారంభ ధర 799 డాలర్ల దగ్గరే ఉంది. మరి జపాన్‌లో పెరిగిన 19,000 యెన్లు ఎక్కడివి?

లెక్క వేస్తే తేలిగ్గానే తెలుస్తుంది. 2021 సెప్టెంబరులో ఆ ఫోను విడుదలైనప్పుడు డాలరుకు 110 యెన్లు. 799 డాలర్లను 110తో గుణించి, 10 శాతం వినియోగ పన్ను కలిపితే సుమారు 96,700 యెన్లు వస్తాయి. 2022 జూన్ చివరికి డాలరు 136 యెన్లు దాటింది. అదే లెక్క మళ్ళీ వేస్తే 1,19,500. దుకాణం ధర ఈ రెండు లెక్కలకూ ఎంత దగ్గరగా ఉందో చూస్తే, పెరుగుదల దాదాపు మొత్తం మారకం రేటుదేనని అర్థమవుతుంది.

అయితే అన్ని సరుకుల లెక్కా ఇంత సూటిగా ఉండదు. ఫోను ధర యెన్ వెంట నడిచింది. ముప్పై ఏళ్ళ కిందట అదే జపాన్‌లో యెన్ ఎంత ఎగబాకినా దిగుమతి సరుకు ధర కదలకపోవడమే పెద్ద వివాదం. ఈ రెండు కాలాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప జపాన్ ధరల సంగతి సరిగ్గా బోధపడదు.

యెన్ రెట్టింపైనా దిగని ధర

1949 నుంచి 1971 దాకా డాలరుకు 360 యెన్లన్నది స్థిరమైన రేటు. 1985 సెప్టెంబరులో న్యూయార్క్ ప్లాజా హోటల్‌లో అయిదు దేశాల ఆర్థిక మంత్రులు డాలరు విలువ దించాలని ఒప్పందానికి వచ్చేనాటికి అది 240 దగ్గర ఉంది. 1987 చివరికి 120 దగ్గరికి వచ్చేసింది. అంటే రెండేళ్ళు దాటేసరికి యెన్ విలువ రెట్టింపైంది. 1995 ఏప్రిల్‌లో 80 కంటే కిందికి దిగింది.

కాగితం మీద చూస్తే, 10 డాలర్ల సరుకు రేవుకు చేరే ధర 2,400 యెన్ల నుంచి 1,200కు పడాలి. రేవు దగ్గర చాలామటుకు అలాగే పడింది. దుకాణంలో మాత్రం ఆ తగ్గుదల అరకొరగానే కనిపించింది. యెన్ లాభాన్ని జనానికి తిరిగి ఇవ్వాలన్న డిమాండు అప్పట్లో రాజకీయ సమస్య అయింది. 1986లో విద్యుత్, గ్యాస్ కంపెనీలు చార్జీలు కొంత తగ్గించాయి. ప్రభుత్వం అదుపులో ఉన్న చోట తగ్గింపు కనిపించింది. విస్కీ, హ్యాండ్‌బ్యాగులు, సౌందర్య సాధనాలు అమ్మేచోట తగ్గింపు మందకొడిగా సాగింది.

దేశం లోపలి ధరకూ బయటి ధరకూ ఉన్న ఈ తేడాను జపనీయులు 'నైగై కకకుస' అంటారు. 1989లో జపాన్, అమెరికా ప్రభుత్వాలు కలిసి ధరల సర్వే జరిపితే, చూసిన సరుకుల్లో ఎక్కువ భాగం జపాన్‌లోనే ఖరీదని తేలింది. వాటిలో జపాన్‌లో తయారై అమెరికాకు వెళ్ళిన వస్తువులు కూడా ఉన్నాయి. సొంత ఊళ్ళో తయారైన వస్తువు సముద్రం దాటి వెళ్ళి అక్కడ చౌకగా అమ్ముడైతే, సమస్య రేవు దగ్గర లేదని స్పష్టంగా తెలిసిపోతుంది. అది దేశం లోపలి పంపిణీలోనే ఉంది.

ఒక్క ఏజెంట్ చేతిలో బ్రాండ్

విదేశీ కంపెనీలు చాలావరకు జపాన్‌లో ఒక్క సంస్థకే మొత్తం దేశం హక్కు ఇచ్చేవి. దాన్ని ఏకైక ఏజెన్సీ అనవచ్చు. ఆ ఏజెంట్ తెచ్చిన సరుకు మొదటి అంచె టోకు వర్తకుడికి, అక్కడి నుంచి రెండో అంచెకు, తర్వాత దుకాణానికి వెళ్ళేది. ప్రతి చేతిలోనూ కొంత మార్జిన్ కలిసేది. చేతులు మారే కొద్దీ ఖరీదు తడిసి మోపెడయ్యేది.

ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. పోటీ లేని ఏజెంటుకు ధర తగ్గించాల్సిన అవసరం లేదు. పైగా తగ్గించకపోవడమే లాభం. 'ఫారిన్ సరుకు' అంటే అప్పట్లో బహుమతి సరుకు. స్కాచ్ విస్కీ సీసా, యూరప్ హ్యాండ్‌బ్యాగు ఇచ్చేవారు అది ఖరీదైనదని తీసుకునేవారికి తెలియాలని కోరుకునేవారు. ధర దించితే అమ్మకం పెరగకపోగా గౌరవం తగ్గుతుందని వ్యాపారులు లెక్క వేసుకునేవారు. ఆ లెక్క చాలాకాలం తప్పు కాలేదు కూడా.

ఈ గుత్తాధిపత్యానికి మొదటి గండి కొట్టింది ఒక పెన్ను. పార్కర్ పెన్నులను ఒక చిన్న సంస్థ ఏజెంటుతో సంబంధం లేకుండా హాంకాంగ్ నుంచి తెచ్చుకుంటే, ట్రేడ్‌మార్క్ హక్కు పేరుతో కస్టమ్స్ ఆపేసింది. 1970లో ఒసాకా జిల్లా కోర్టు అలా తెచ్చుకోవడం ట్రేడ్‌మార్క్ హక్కును ఉల్లంఘించడం కాదని తీర్పు ఇచ్చింది. పెన్ను అసలైనదే, తయారీదారు ఒకరే, నాణ్యతలో తేడా లేదు కాబట్టి కొనేవారు మోసపోయే ప్రసక్తి లేదన్నది అందులోని తర్కం. 1972లో కస్టమ్స్ నిబంధన కూడా ఆ మేరకు మారింది. ఏజెంటును పక్కన పెట్టి వేరే దేశం నుంచి అసలు సరుకే తెచ్చి అమ్మడాన్ని ప్యారలల్ దిగుమతి అంటారు. వీటికి అడ్డుపడటం పోటీ చట్టానికి విరుద్ధమయ్యే సందర్భాలేమిటో 1987లో ఫెయిర్ ట్రేడ్ కమిషన్ మార్గదర్శకాలు చెప్పాయి. 1997లో బీబీఎస్ కారు చక్రాల కేసులో సుప్రీంకోర్టు పేటెంటు ఉన్న వస్తువుల ప్యారలల్ దిగుమతికి కూడా దారి తెరిచింది.

దుకాణాల వైపు మార్పు ఇంకా ఆలస్యంగా వచ్చింది. 1974లో అమల్లోకి వచ్చిన పెద్ద దుకాణాల చట్టం ప్రకారం, పెద్ద స్టోరు తెరవాలంటే స్థానిక చిన్న వ్యాపారులతో సర్దుబాటు ప్రక్రియ నడవాలి. అది ఏళ్ళ తరబడి సాగేది. చిన్న దుకాణదారుల బతుకుతెరువును కాపాడటమే ఆ చట్టం ఉద్దేశం. దాని ఫలితంగా తయారీదారు దగ్గర నేరుగా, పెద్ద మొత్తంలో కొని చౌకగా అమ్మే వ్యాపారానికి చోటు లేకుండా పోయింది. అమెరికా ఒత్తిడితో 1990 తర్వాత నిబంధనలు సడలాయి. 1991 డిసెంబరులో అమెరికా బొమ్మల సంస్థ టాయ్స్ ఆర్ అస్ ఇబరాకి ప్రిఫెక్చర్‌లో తొలి స్టోరు తెరిచింది. మరుసటి నెల నారా ప్రిఫెక్చర్‌లో రెండో స్టోరు దగ్గరికి అప్పటి అమెరికా అధ్యక్షుడు జార్జ్ హెచ్. డబ్ల్యు. బుష్ స్వయంగా వెళ్ళారు. బొమ్మల దుకాణానికి ఒక దేశాధ్యక్షుడు వెళ్ళారంటే ఆ చట్టం ఎంత పెద్ద వాణిజ్య వివాదమో ఊహించవచ్చు. 1999లో కాస్ట్‌కో ఫుకువోకా దగ్గర తొలి గిడ్డంగి దుకాణం పెట్టింది. 2000లో ఆ చట్టమే రద్దయింది.

సుంకం ఎక్కడుంది, ఎక్కడ లేదు

ధరలు ఎక్కువ అనగానే సుంకం మీదికే వేలు పోతుంది. జపాన్ విషయంలో ఇది సగానికి పైగా పొరపాటు. కార్ల మీద ఆ దేశం 1978లోనే సుంకం ఎత్తేసింది. అయినా యూరప్ కార్లు అక్కడ ఖరీదైనవిగానే మిగిలాయి.

వైన్ ఇంకా మంచి ఉదాహరణ. యూరోపియన్ యూనియన్‌తో ఒప్పందం 2019 ఫిబ్రవరి 1న అమల్లోకి వచ్చి వైన్ సుంకం పోయినప్పుడు పెద్ద ప్రచారం జరిగింది. అంతకుముందున్న సుంకం 15 శాతం లేదా లీటరుకు 125 యెన్లు, ఏది తక్కువైతే అది. అంటే 750 మిల్లీలీటర్ల సీసా మీద గరిష్ఠంగా 94 యెన్లు. వెయ్యి యెన్ల సీసాకు ఆ తగ్గింపు కొంత తెలుస్తుంది. పది వేల యెన్ల ఫ్రెంచ్ వైన్‌కు అది లెక్కలోకే రాదు.

సుంకం బరువులో గొడ్డు మాంసానిది మధ్యస్థాయి. 1991లో కోటా తీసేసి 70 శాతం సుంకం పెట్టారు. అది క్రమంగా 38.5కు దిగింది. ఇప్పుడున్న ఒప్పందాల ప్రకారం ఆస్ట్రేలియా, అమెరికా లాంటి దేశాల మాంసం మీద 2033 నాటికి 9 శాతానికి చేరాలి. కానీ ఒక ఊహాలెక్క చూడండి. కిలో 10 డాలర్ల మాంసం, డాలరుకు 110 యెన్లు, సుంకం 38.5 శాతం అయితే 1,523 యెన్లు పడేది. సుంకం 22 శాతానికి దిగి, డాలరు 155 అయితే 1,891 పడుతుంది. సుంకం తగ్గించి ఇచ్చిన ఊరటను మారకం రేటు మింగేసి, ఇంకా పైకి తీసింది.

అసలు గోడ బియ్యం దగ్గర ఉంది. ఏటా దాదాపు 7.7 లక్షల టన్నులను ప్రభుత్వం కనీస దిగుమతి కింద సుంకం లేకుండా తెస్తుంది. అందులో నేరుగా అన్నానికి వాడే రకం లక్ష టన్నుల లోపే. మిగతాది పశువుల దాణాకు, ఆహార పరిశ్రమకు, విదేశీ సాయానికి పోతుంది. ఆ కోటా బయట ఎవరైనా తేవాలంటే కిలోకు 341 యెన్ల సుంకం కట్టాలి. మన రూపాయల్లో అది 200 దగ్గర.

ఈ సుంకం గురించి 778 శాతమని, 700 శాతమని అంకెలు వినిపిస్తాయి. 2025 మార్చిలో వైట్‌హౌస్ కూడా 700 అనే చెప్పింది. నిజానికి 341 స్థిరమైన మొత్తం, శాతం కాదు. అంతర్జాతీయ ధరలు బాగా తక్కువగా ఉన్న రోజుల్లో లెక్కగట్టిన శాతం అది. కిలో 150 యెన్ల బియ్యం మీద అదే సుంకం 230 శాతం లోపే.

స్థిరమైన మొత్తం కావడం వల్లనే 2025లో ఒక వింత జరిగింది. అయిదు కిలోల సంచికి సుంకం 1,705 యెన్లు. సంచి ధర 2,000 దగ్గర ఉన్నంతకాలం ఆ సుంకం కట్టి బియ్యం తెచ్చేవారు లేరు. 2024 వేసవిలో మొదలైన కొరతతో 2025 వసంతానికి సంచి సగటు ధర 4,200 దాటింది. అప్పుడు వ్యాపార సంస్థలు పూర్తి సుంకం కట్టి మరీ కాలిఫోర్నియా బియ్యం తెచ్చాయి. అదే ఏడాది మే నెలలో, తానెప్పుడూ బియ్యం కొనుక్కోలేదన్న వ్యవసాయ మంత్రి టకు ఎటో పదవి వదులుకోవాల్సి వచ్చింది. గోడ ఎత్తు మారలేదు, నీటిమట్టమే దాని పైకి వచ్చింది.

జపాన్‌లో ఉండే తెలుగు కుటుంబాలకు ఈ 341 యెన్ల సంగతి అనుభవమే. టోక్యోలో భారతీయులు ఎక్కువగా ఉండే నిషి కసాయి లాంటి చోట్ల కిరాణా దుకాణాల్లో కందిపప్పు కంటే సోనా మసూరి ధరే ఎక్కువగా గుచ్చుకోవడానికి ఒక కారణం ఇదే.

తనిఖీ ఖర్చు

సుంకం పట్టికలో కనిపించని ఖర్చు ఇంకోటి ఉంది. పండు ఈగల భయంతో జపాన్ ఇరవై ఏళ్ళు భారతీయ మామిడిని ఆపేసింది. 2006లో అనుమతించిన రకాల్లో మన బంగినపల్లి కూడా ఉంది. కానీ పండు లోపలి గుజ్జు 47.5 డిగ్రీలకు చేరి 20 నిమిషాలు నిలిచేలా ఆవిరి వేడి ఇవ్వాలి. దాన్ని పర్యవేక్షించడానికి జపాన్ క్వారంటైన్ అధికారి ఇక్కడికి రావాలి. ఆ తర్వాత విమానం. తోటలో కిలోల లెక్కన అమ్ముడయ్యే పండు అక్కడికి చేరేసరికి ఒక్కొక్కటిగా అమ్ముడవుతుందంటే ఆశ్చర్యం లేదు.

ఆంధ్ర తీరం రొయ్యకు కూడా ఇలాంటి అనుభవమే ఎదురైంది. ప్రత్యేక పరిమితి నిర్ణయించని రసాయనాలన్నిటికీ 0.01 పీపీఎం (పది లక్షల భాగాల్లో 0.01 భాగం) అనే నియమాన్ని జపాన్ 2006 మేలో తెచ్చింది. 2012లో మేతలో వాడే ఎథాక్సీక్విన్ అవశేషాల కోసం భారతీయ రొయ్యల తనిఖీ మొదలైంది. కంటైనర్లు ఆగితే శీతల గిడ్డంగి అద్దె, పరీక్ష ఖర్చు, వెనక్కి పంపాల్సి వస్తుందన్న టెన్షన్, అన్నీ ధరలో చేరతాయి. 2014లో పరిమితిని 0.2 పీపీఎంకు సడలించారు. తినేవారి ఆరోగ్యం కోసం కఠినంగా ఉండటం తప్పనలేం. ఆ కఠినత్వం ఖర్చు కొనేవారి జేబు నుంచే వెళ్తుందన్నది కూడా నిజం.

2022 తర్వాత: ఈసారి యెన్‌దే బరువు

2022 మార్చిలో అమెరికా ఫెడరల్ రిజర్వ్ వడ్డీ పెంచడం మొదలుపెట్టి, 2023 జూలైకి 5.25–5.50 శాతానికి తీసుకెళ్ళింది. బ్యాంక్ ఆఫ్ జపాన్ 2016లో పెట్టిన మైనస్ 0.1 శాతం రేటును 2024 మార్చి దాకా వదల్లేదు. ఇంత తేడా ఉంటే డబ్బు డాలర్ల వైపే పోతుంది. డాలరు 115 యెన్ల నుంచి 2022 అక్టోబరుకు 150 దాటింది, 2024 జూలైలో 161 దాటింది. ప్రభుత్వం 2022లో సుమారు 9.2 లక్షల కోట్ల యెన్లు ఖర్చు చేసి యెన్‌ను నిలబెట్టడానికి ప్రయత్నించింది. పతనం నెమ్మదించింది, ఆగలేదు.

జపాన్ దిగుమతుల బిల్లుల్లో పదింట ఏడు వంతులు డాలర్లలోనే ఉంటాయి. కేలరీల లెక్కన ఆ దేశం తినేదాంట్లో 38 శాతమే సొంతంగా పండుతుంది. చమురు, గ్యాస్ దాదాపు మొత్తం బయటిదే. కాబట్టి యెన్ పడితే దెబ్బ తగలని వస్తువు తక్కువ. 2022లోనే యుక్రెయిన్ యుద్ధంతో ఇంధనం, గోధుమ ధరలు కూడా ఎగిశాయి. 2022లో వాణిజ్య లోటు రికార్డు స్థాయిలో 20 లక్షల కోట్ల యెన్ల దాకా వెళ్ళింది. 2023 జనవరిలో తాజా ఆహారం మినహా లెక్కించే ద్రవ్యోల్బణం 4.2 శాతానికి చేరింది. 41 ఏళ్ళలో అంత ఎక్కువ లేదు.

అయితే దెబ్బ అన్నిటికీ ఒకే రోజు తగలదు. దిగుమతి సంస్థలు ఆరు నెలలకో ఏడాదికో సరిపడా డాలర్లను ముందే ఒక రేటుకు ఖాయం చేసుకుంటాయి. ఆ గడువు తీరాక కొత్త రేటు మీద పడుతుంది. విద్యుత్ బిల్లులో ఇంధన ధర సర్దుబాటు కొన్ని నెలల ఆలస్యంతో వస్తుంది. గోధుమను ప్రభుత్వమే కొని మిల్లులకు అమ్ముతుంది, ధరను ఏప్రిల్, అక్టోబరు నెలల్లో సవరిస్తుంది. 2022 ఏప్రిల్‌లో ఆ సవరణ 17.3 శాతం. రొట్టె, నూడుల్స్ ధరలు దాని వెనకే కదిలాయి. యెన్ కాస్త కోలుకున్న నెలలో కూడా దుకాణంలో ధర పెరగడం చూసి జనం అయోమయపడేది ఈ ఆలస్యం వల్లే.

ధర పెంచలేని చోట వేరే బాధ. జపాన్ అరటిపళ్ళలో ఎక్కువ భాగం ఫిలిప్పీన్స్ నుంచి వస్తాయి. సూపర్‌మార్కెట్లు దశాబ్దాలుగా అరటిని చౌక సరుకుగానే ఉంచాయి. ఎరువులు, ఇంధనం, రవాణా అన్నీ పెరిగి రైతు నలిగిపోతుంటే, 2022 జూన్‌లో ఫిలిప్పీన్స్ రాయబారి ధర పెంచమని జపాన్ దుకాణదారులను బహిరంగంగా కోరారు. ముప్పై ఏళ్ళు ధరలు, జీతాలు కదలని దేశంలో ధర పెంచాలంటే దుకాణదారుడికి ఎంత భయమో ఇక్కడ కనిపిస్తుంది. ఆ భయానికి మూల్యం ఎక్కడో ఫిలిప్పీన్స్‌లోని మిందనావో దీవి తోటలో కూలీ చెల్లిస్తాడు.

ఇదే భయం ఇంకోలా కూడా తిరగబడుతుంది. సాల్మన్, గొడ్డు మాంసం లాంటివాటికి చైనా, అమెరికా కొనుగోలుదారులు ఎక్కువ ధర ఇస్తుంటే జపాన్ సంస్థలు వెనక్కి తగ్గాల్సి వస్తోంది. దీనికి 'కైమకె' అని పేరు పెట్టారు, కొనుగోలు పోటీలో ఓడిపోవడమని అర్థం.

ఎవరికి ఖరీదు?

2024లో సుమారు 3.69 కోట్ల మంది విదేశీ పర్యాటకులు జపాన్ వచ్చారు. టోక్యోలోని ఖరీదైన షాపింగ్ ప్రాంతం గింజాలో యూరప్ బ్రాండ్ల దుకాణాల ముందు వాళ్ళు వరుస కట్టారు. ఫ్రెంచ్ హ్యాండ్‌బ్యాగు అప్పుడు పారిస్‌లో కంటే కూడా టోక్యోలో చౌక పడిన సందర్భాలున్నాయి. కంపెనీలు యెన్ ధరలను మార్చేలోపే యెన్ ఇంకా పడిపోవడం, పర్యాటకులకు వినియోగ పన్ను మినహాయింపు ఉండటం అందుకు కారణాలు. అదే బ్యాగు జపాన్ ఉద్యోగికి మునుపటికంటే ఖరీదు. 2022 ఏప్రిల్ నుంచి 2024 మే దాకా వరుసగా 26 నెలలు అక్కడి నిజ వేతనాలు, అంటే ధరల పెరుగుదలను లెక్కలోకి తీసుకున్న జీతాలు, తగ్గుతూ వచ్చాయి. జీతం యెన్లలో తీసుకునేవాడికి ఖరీదైనది, డాలర్లు చేతిలో ఉన్నవాడికి చౌక. సరుకు ఒక్కటే అయినా కొనుగోలుశక్తి ఒక్కటి కాదు.

అక్కడి నుంచి ఇంటికి డబ్బు పంపే తెలుగువారికి కూడా ఇదే లెక్క. 2012 జనవరిలో వెయ్యి యెన్లు పంపితే సుమారు 650 రూపాయలు వచ్చేవి. 2024 జూలై మొదట్లో 520 దగ్గర వచ్చాయి. అక్కడ పప్పూ బియ్యం ధరలు పెరిగాయి, ఇక్కడికి చేరే రూపాయలు తగ్గాయి.

ముందు ఏం జరగవచ్చు?

బ్యాంక్ ఆఫ్ జపాన్ వడ్డీ రేటును 2025 జనవరిలో 0.5 శాతానికి, డిసెంబరులో 0.75 శాతానికి పెంచింది. అప్పటికి ముప్పై ఏళ్ళలో అదే ఎక్కువ. అయినా ఆ ఏడాది డాలరు దాదాపు 140, 159 యెన్ల మధ్యే తిరిగింది. వడ్డీ ఇంకా పెంచితే యెన్ బలపడవచ్చు, కానీ ప్రభుత్వ అప్పు మీద వడ్డీ భారం, ఇంటి రుణాల కిస్తీలు పెరుగుతాయి. కాబట్టి ఆ అడుగులు చిన్నవిగానే ఉండే అవకాశం ఎక్కువ.

బియ్యం విషయంలో 2025 జూలై ఒప్పందం ప్రకారం అమెరికా బియ్యం వాటా కనీస దిగుమతి కోటా లోపలే 75 శాతం పెరగాలి. మొత్తం కోటా పెరగదు, కిలోకు 341 యెన్ల సుంకం అలాగే ఉంటుంది. అందువల్ల విదేశీ బియ్యం ఇకముందు కూడా స్వదేశీ ధర బాగా పెరిగిన రోజుల్లోనే దుకాణాల్లోకి వస్తుంది.

మిగతా సరుకుల్లో గమనించాల్సింది, యెన్ కోలుకుంటే ధర దిగుతుందా అన్నది. 1980ల నాటి ఏకైక ఏజెంట్లు చాలా రంగాల్లో ఇప్పుడు లేరు. కాస్ట్‌కో లాంటి దుకాణాలు, ఆన్‌లైన్‌లో విదేశీ ధర కనిపించే వీలు, ప్యారలల్ దిగుమతిదారులు ఉన్నారు. ఫోనులాగా ఒకే కంపెనీ నిర్ణయించే సరుకు ధరకు ఆ పోటీ పెద్దగా తగలదు. మాంసం, వైన్, కాఫీ లాంటి చాలామంది అమ్మే సరుకుల్లో మాత్రం యెన్ లాభం ఈసారి మధ్యలో ఆగకుండా దుకాణం దాకా చేరే అవకాశం 1987లో కంటే ఎక్కువగా ఉంది.